కళాప్రసారములు - పట్టభద్రుని శిష్యరికము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



సంగారెడ్డికి వెలుపల పోతిరెడ్డిపల్లి చౌరస్తాయందు బస్సు కొఱకు నిలిచిన పట్టభద్రునకు ముంబయి రహదారి రెండు త్రోవలను చూపును. తూర్పునకు పోయినచో పటాన్‌చెరువు, రామచంద్రాపురము, లింగంపల్లి దాటి హైదరాబాదు నగరము. పడమరకు పోయినచో సదాశివపేట మీదుగా జహీరాబాదు. తెల్లవారక మునుపే ఈ త్రోవలో కర్మాగారముల బస్సులు ఆగును. సద్దిగిన్నెలు చేతబట్టుకొని యువకులు ఎక్కుదురు. వారిలో బి.ఏ., బి.కాం. పట్టాలు పుచ్చుకొన్నవారు తక్కువ కాదు. అట్టివారిలో ఒకడు, తాను ఒగ్గుకథనో చిందు భాగవతమునో టెలివిజనులో చూపు పని నేర్చుకొందునని ఇంట చెప్పినచో తండ్రి ఏమనును? తల్లి ఏమనును? ఒకరు నవ్వుదురు, ఒకరు కంట తడిపెట్టుదురు. ఆ నవ్వునకును ఆ కన్నీటికిని కారణము కలదు. నెలకు ఇంత యని చేతికి వచ్చు జీతమును విడిచి, వచ్చునో రాదో తెలియని విద్య వెంట పోవుట పేదయింటి బిడ్డకు చిన్న సంగతి కాదు. ఆ కారణమును తోసివేయక, ఆ యువకుని కోరికను కూడ తోసివేయక, రెంటిని పక్కపక్కన నిలిపి విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

మొదట ఒక మాట తేటపడవలెను. కళాప్రసారమనగా సినిమా పాటలకు పసిపిల్లలచేత గంతులు వేయించుట కాదు. దానికి వేఱు అంగడి కలదు. అది చక్కగనే సాగుచున్నది. ఒక కళను, ఆ కళాకారుని, ఆ కళ పుట్టిన నేలను చూడనివానికి చూపి, చూచినవానికి మఱికొంత తెలియజేయునది కళాప్రసారము. యంత్రము క్రొత్తది గాని పని క్రొత్తది కాదు. పూర్వులు దీనినే వ్యాఖ్యానమనిరి.

వ్యాఖ్యాతలకు ఈ ప్రాంతము పుట్టినిల్లు. మెదకు జిల్లాలోని కొల్చారము కోలాచల మల్లినాథసూరి వంశమువారి గ్రామమని ప్రసిద్ధి. కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునకు సర్వంకష, శ్రీహర్షునకు జీవాతువు వ్రాసి, సంస్కృతము చదువుకొను బాలుడెవ్వడును తన్ను దాటి పోలేనట్లు చేసిన మహానుభావుడాయన. మూలమునందు లేనిది చేర్చననియు, అక్కఱకు రానిది పలుకననియు ఆయన పెట్టుకొన్న నియమము పండితలోకము ఎఱిగినదే. ఆయన కావ్యము వ్రాయలేక వ్యాఖ్య వ్రాసినవాడు కాడు. కావ్యము మూర్ఛపోవుచున్నదని తలచి, దానికి మందు వేసినవాడు. టెలివిజనులో కళను చూపదలచిన పట్టభద్రునకు ఇంతకు మించిన పాఠ్యప్రణాళిక ఏ కళాశాలయందును దొరకదు.

ఇక చరిత్ర. భారతదేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలయ్యెను. దూరపు పల్లెల ముఖము విరివిగ చూచుటకు దానికి పదునాఱేండ్లు పట్టినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వఱకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమును ఒక్క సంవత్సరమునకు ఎరవు తీసికొని, ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు బొమ్మలు పంపిరి. సైట్ ప్రయోగమని దానికి పేరు. నాటి ఆంధ్రప్రదేశము ఆ ఆఱింటిలో ఒకటి. ఆ ప్రయోగమును తలపెట్టిన విక్రం సారాభాయి 1971లోనే కన్నుమూయుటచే దానిని చూడలేకపోయిరి. పది అడుగుల వెడల్పు గల తీగవల గొడుగు ఒకటి. పాఠశాలయందో పంచాయతి కచ్చేరీయందో ఒక పెట్టె. దాని ముందు ఊరంతయు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఒకే బొమ్మకు రెండు భాషల పలుకులను జోడించి పంపు ఏర్పాటు సైతము ఉండెను. ఈ కార్యక్రమములను తయారుచేయుటకు ఢిల్లీ, కటకము, హైదరాబాదు నగరములలో నిర్మాణ కేంద్రములు వెలసినవి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము నిత్యప్రసారములు మొదలుపెట్టినది. 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు, ఎదుట అక్షరములను నడిపించు యంత్రము లేని ఆ రోజులలో, వార్తలను కంఠస్థము చేసికొని చదివెడివారు. 2024లో వారు గతించినప్పుడు జనులు తలచుకొన్నది ఆ ధారణనే. అవధానుల నేలలో అది వింతగా తోచకపోవచ్చును; కాని ఆ తరమువారందఱును పనిచేయుచునే పని నేర్చుకొన్నవారను సంగతికి అది సాక్ష్యము. చదువుకొని వచ్చి పనిలో చేరుట తరువాతి మాట.

ఆ తరమువారిలో పి.వి. సతీశ్ గారి కథ ఈ జిల్లాకు దగ్గఱి కథ. వారు 1945లో మైసూరునందు జన్మించిరి. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థలో చదివిరి. సైట్ ప్రయోగమునందు పాల్గొని, దూరదర్శనులో నిర్మాతగా సుమారు రెండు దశాబ్దములు పనిచేసిరి. పట్టభద్రుడు కోరుకొను మెట్లన్నియు వారు ఎక్కినవే. అట్టివారు 1983లో కొందఱు మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించి, జహీరాబాదు చెంతనున్న పస్తాపూరును తమ కార్యక్షేత్రముగా చేసికొనిరి. 2023 మార్చి 19న మరణించువఱకు ఆ పనిలోనే ఉండిరి. రహదారి తూర్పు కొసన నేర్చిన విద్యను పడమటి కొసకు మోసికొనిపోయిన మనుష్యుడని వారిని గూర్చి చెప్పవచ్చును.

మోసికొనిపోయి ఏమి చేసిరి? తామే కెమెరా పట్టి పల్లెటూరిని చూపలేదు. అది అప్పటికే చాలమంది చేసిన పని. ఆ సొసైటీ సంఘములలోని స్త్రీలు అధికులు దళితులు. కూలికి పోవువారు, ఎఱ్ఱనేలలో జొన్న, కొఱ్ఱ, సామ పండించుకొనువారు. బడి గడప ఎక్కనివారు పెక్కుమంది. 1990ల చివరి యేండ్లలో వారికి కెమెరా పట్టుట నేర్పిరి. 2001లో వారిదే యొక మాధ్యమ సంస్థ ఏర్పడినది. అక్షరము రానివారు చిత్రము తీయుదురా యని నవ్వినవారు ఉందురు. కాని అక్షరము కంటికి తరువాత పుట్టినది గదా!

ఆ స్త్రీలు చేసిన ఒక పని కళాప్రసారము నేర్వగోరు ప్రతి పట్టభద్రుడును చెవినిడదగినది. కెమెరాను ఎత్తున నిలిపి క్రిందికి చూపినచో ఒక పేరు, నేలకు దించి పైకి చూపినచో ఒక పేరు, కంటికి సమముగా నిలిపినచో ఒక పేరు గ్రంథములలో కలవు. పట్టణపు విద్యార్థి ఆ పేర్లను వల్లించి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. ఈ స్త్రీలు ఆ పేర్లను పుచ్చుకొనలేదు. ఎత్తునుండి క్రిందికి చూచు చూపునకు పటేలు షాటు అని పేరు పెట్టిరి: అరుగుమీద కూర్చున్న పటేలు నేలమీద కూర్చున్న కూలిని చూచునట్లు. క్రిందినుండి పైకి చూచు చూపు నేలమీద కూర్చున్న బానిస పటేలును చూచు చూపనిరి. కంటికి సమముగా నిలిచినది సంఘం షాటు. సంఘములో అందఱును ఒక్క చాపమీద కూర్చుందురు గనుక. లక్షణ గ్రంథము దేనికి ఏ పేరో చెప్పినది. ఆ చూపు ఎవరిదో, ఎవరిమీద పడుచున్నదో ఈ పేర్లు చెప్పినవి. అలంకారశాస్త్రము చదివిన పండితులు సైతము ఈ నామకరణమును మెచ్చక తప్పదు.

వీరిని ఏకలవ్యునితో పోల్చుట సులభము. పోలిక సగమే కుదురును. ఏకలవ్యునకు గురువు మట్టిబొమ్మ. వీరికి మాటలాడు గురువు ఉండెను. ఆ గురువు దక్షిణగా వ్రేలు కోరలేదు. వీరు తీసిన చిత్రములలో పేరుపడినవి వరంగల్లు ప్రాంతపు రైతులు బీటీ ప్రత్తితో పడిన పాట్లను గూర్చినవి. అవి సేద్యపు చిత్రములే గాని కళాచిత్రములు కావని ఎవరైన అనవచ్చును. నిజమే. అయితే ప్రతి సంవత్సరము సంక్రాంతి నుండి ఆ పల్లెలలో సాగు పాతపంటల జాతరను చూచినవారు ఆ గీతను అంత గట్టిగ గీయలేరు. అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనముల కుండలు, వాని వెంట పాటలు, ఊరి పొలిమేరలో ఎదుర్కోళ్లు. ఇందులో విత్తనము ఎచ్చట ముగిసి కళ ఎచ్చట మొదలగుచున్నదో చెప్పుట కష్టము. 2008 అక్టోబరు 15న మాచనూరులో వీరి సంఘం రేడియో ప్రారంభమైనది. ప్రారంభించినవారు జస్టిస్ పి.బి. సావంత్ గారు. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనములో వారొకరు. తీర్పు చెప్పిన చేయియే ఆ తీర్పు ఫలమును పల్లెలో తెఱచుట అరుదైన సంఘటన.

ఇప్పుడు పట్టభద్రుని పనికి వత్తము. ఆయన ఒక కార్యక్రమ నిర్మాతవద్ద ఆఱునెలలో, సంవత్సరమో సహాయకుడుగా చేరెనని అనుకొందురు గాక. చేయవలసిన పని ఏమి?

ఒగ్గుకథను ఉదాహరణగా గైకొనవచ్చును. ఒగ్గు అనగా డమరుకము. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ ఒగ్గువారి సొమ్ము. ప్రధాన కథకుడొకడు, వంత పలుకువారు, డోలు, తాళము. మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య గారు ఈ కళను పల్లె గడప దాటించి మహానగరముల వేదికలకు కొనిపోయిరి, 2017లో స్వర్గస్థులైరి. కథ పూర్తిగ చెప్పవలెనన్న రాత్రులు పట్టును. టెలివిజనువారు ఇచ్చునది అరగంట. అందులో ప్రకటనలు పోగా మిగులునది ఇంకను తక్కువ. ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను? క్రొత్తగా చేరిన సహాయకుడు డోలు విన్యాసములను, ఒకరి భుజములపై ఒకరు నిలుచు అమరికలను ఉంచి, కథను తీసివేయును. కంటికి అది ఇంపు. నిర్మాతకును ఆక్షేపణ ఉండదు. చూచినవాడు ఒగ్గుకథ యనగా డోళ్ల ఆట యని తలచి నిద్రపోవును. మల్లినాథుడు భయపడిన చెడువ్యాఖ్య అనగా ఇదియే. ఉన్న అరగంటలో ఒక్క ఘట్టమును, ఒక్క మలుపును తీసికొని, కథకుడు వచనమునుండి పాటలోనికి ఎట్లు జారునో, వంతవాడు ఎచ్చట అందుకొనునో, నవ్వు పుట్టిన చోటనే కన్నీరు ఎట్లు తెప్పించునో సాంతముగ చూపినచో, అది చిన్నదైనను మూలమునకు ద్రోహము చేయదు. ఏనుగును అరగంటలో చూపలేకపోయినచో తొండమునైనను సరిగ చూపవలెను గాని, ఏనుగంత చిత్తడిని చూపరాదు.

ధ్వని సంగతి మఱియొకటి. డోలు గొంతుకను మ్రింగును. ఎదుట ఒక్క మైకు నిలిపి వచ్చినవాడు ఇంటికి వచ్చి వినినప్పుడు కథకుని మాట ఒక్కటియు తెలియదు. కథకునికి వేఱుగా, డోలునకు దూరముగా మైకులు పెట్టి, ముందు కొంతసేపు వాయింపజేసి, చెవులకు తగిలించుకొని వినవలెను. ఈ సంగతి గ్రంథములందు ఉన్నదే. కాని ఒక్కమాఱు చెడిన ధ్వనితో రాత్రంతయు కూర్చుండి ఏడ్చినవాడు మఱి మఱచిపోడు.

మల్లన్న పట్నము మాట కూడ చెప్పవలెను. రంగుల పొడులతో నేలపై పట్నము వేయుట గంటల పని. దాని రూపము కంటికి సమముగా నిలిచిన కెమెరాకు దొరకదు. నిచ్చెన ఎక్కి, పైనుండి క్రిందికి చూడవలసినదే. పస్తాపూరు పాఠమును కంఠస్థము చేసి వచ్చినవాడు ఇచ్చట తడబడును: ఇది పటేలు షాటు గదా యని. ఇచ్చట చూచుచున్నది మనుష్యుని కాదు, ముగ్గును. పేరు నేర్చినవానికిని కారణము నేర్చినవానికిని భేదము ఇచ్చటనే బయటపడును. ఇంకొకటి. పట్నము పూర్తికాగానే అందముగ నున్నదని చిత్రించి కెమెరా కట్టిపెట్టినవాడు మోసపోవును. గంటలకొద్ది వేసిన ఆ పట్నమును తుదకు త్రొక్కుదురు. త్రొక్కుటతోనే అది పూర్తియగును. ఆ సంగతి ముందుగ తెలియవలెనన్న, చిత్రీకరణకు పదిదినముల ముందే ఆ ఊరికి కెమెరా లేకుండ పోయి, ఒగ్గువారి ఇంట కూర్చుండి, వారు పెట్టినది తిని, అడిగి తెలిసికొనవలెను. శిక్షణార్థి నేర్వవలసిన మొదటి పని ఇది. జీతము లేని పనులలో ఉత్తమమైనది కూడ ఇదియే.

తరువాతిది లెక్క. తీసిన ప్రతి ముక్కకు సంఖ్య వేసి, ఏ టేపులో, ఏ నిమిషమున, ఎవరు, ఏమి చేయుచున్నారో పట్టిక వ్రాయవలెను. పట్టభద్రులకు ఈ పని చిన్నతనముగ తోచును. పహాణీలో సర్వే నంబరు తప్పుపడిన పొలము ఉండియు లేనట్లే యగును. పట్టికకు ఎక్కని చిత్రము గతియు అంతే. రాత్రంతయు పాడిన వృద్ధుని పాట ఏదో పెట్టెలో ఉన్నదని అందఱికి తెలియును, ఏ పెట్టెయో ఎవరికిని తెలియదు. అతడు మరణించిన తరువాత మరల పాడించుటకు వీలులేదు.

ఇక జీతము మాట. ఇంట తల్లి అడిగినది అదియే. మహాభారతము ఆదిపర్వమున ధౌమ్యుని శిష్యుల కథలు కలవు. ఆరుణి గండిపడిన గట్టునకు తానే అడ్డుగ పడుకొనెను. ఉపమన్యుడు ఆవులను కాచెను. తెచ్చిన భిక్షను గురువు పుచ్చుకొనెను, మరల భిక్షకు పోరాదనెను, పాలు త్రాగరాదనెను, దూడల మూతి నురుగు సైతము వలదనెను. తుదకు ఆకలికి ఓర్వలేక జిల్లేడాకులు తిని, చూపు పోయి, బావిలో పడెను. అశ్వినీదేవతలు దయతలచిరి గనుక చూపు మరల వచ్చినది. ఈ కథను గురుభక్తికి ఉదాహరణగ చెప్పుట వాడుక. నేటి పట్టభద్రుల విషయమున దానిని మఱియొక విధముగ చదువవలసి యున్నది. నగరమునకు పోయి, అద్దెగది తీసికొని, జీతము లేక ఆఱునెలలు పనిచేయుట అందఱికి చెల్లదు. తండ్రి పంపగలవాడు నేర్చును. పంపలేనివాడు జిల్లేడాకులు తినవలెను. అప్పుడు కళను చూపు చూపు ఎవరిదగును? పంపగల తండ్రుల బిడ్డలదే యగును. ఒగ్గు కథకుని మనుమడు కెమెరా వెనుకకు రాడు. ఎప్పటివలె దాని ముందే నిలుచును.

చట్టము ఈ విషయమున పూర్తిగ నిద్రపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము మొదట చేతిపనుల వారి కొఱకు. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, 2014లో ఇతర పట్టభద్రులను అందు చేర్చిరి. 2019 నిబంధనలు పట్టభద్ర శిక్షణార్థికి నెలకు 9,000 రూపాయలకు తక్కువ కాని భృతిని నిర్ణయించి, 30 మంది, అంతకు పైబడి పనివారు గల సంస్థలు శిక్షణార్థులను తీసికొనవలెనని విధించినవి. 2020 జాతీయ విద్యావిధానము తరువాత డిగ్రీ చదువులోనే పనిశిక్షణకు చోటు కల్పించిరి. అయితే కళాశాల పంపు కొలదివారముల శిక్షణ వేఱు, చట్టము క్రింద ఒడంబడిక వ్రాసికొను శిక్షణ వేఱు. మొదటిదానిలో భృతి ఇచ్చువాని ఇచ్చ. కళాకార్యక్రమములు చేయువారిలో చాలమంది నలుగురైదుగురు కలిసి నడుపు చిన్న బృందములు. వారు చట్టము లెక్కకు రారు. కనుక యువకుడు పోవుటకు ముందే అడుగవలసిన ప్రశ్నలు అడిగి, వ్రాతమూలకముగ తీసికొనవలెను. భోజనమెవరిది, ప్రయాణపు ఖర్చెవరిది, చిత్రము చివర తన పేరు వేయుదురా లేదా. అడుగుట మర్యాదకు భంగము కాదు. కర్మాగారములో ఓవర్‌టైము అడుగువాడు ఇచ్చట ఏల సిగ్గుపడవలెను?

కర్మాగారపు జీతమును తక్కువచేసి మాటలాడుట ఈ ప్రసంగ ఉద్దేశము కాదు. ఆ జీతముతో పెండ్లిండ్లు జరిగినవి, బిడ్డలు చదివిరి, ఈ గ్రంథాలయమునకు చందాలు వచ్చినవి. అదియును గాక, కర్మాగారముల నడుమను కళ కలదు. పటాన్‌చెరువులో దొరకిన జైనశిల్పములు హైదరాబాదు మ్యూజియమునందు నిలిచియున్నవి. ఆ శిల్పములు బయటపడిన ఊరిమీదుగ ప్రతిదినము పనికి పోవువారిలో ఎందఱకు ఆ సంగతి తెలియును? అరగంట చిత్రమునకు అది చాలిన విషయము. వారాంతపు సెలవులలో దానిని తీయగల యువకుడు ఉద్యోగము మానవలసిన పని లేదు.

కళాకారుని ఎదుట శిక్షణార్థికి వచ్చు ఒక పరీక్షను గూర్చి చెప్పక తప్పదు. చిత్రీకరణ ముగిసిన పిమ్మట నిర్మాత ఒక కాగితము ఇచ్చి, దీనిపై ముసలాయన సంతకమో వ్రేలిముద్రో తీసికొని రమ్మనును. అందులో ఆ చిత్రమును ఎచ్చటనైన, ఎప్పుడైన, ఎన్నిమాఱులైన వాడుకొను హక్కు సంస్థదని ఉండును. అదియు ఇంగ్లీషులో. ఇవ్వవలసినది అయిదు నిమిషముల పని. 1957 నాటి కాపీరైటు చట్టమున ప్రదర్శకునకు హక్కే లేకుండెను; 1994 సవరణతో అది వచ్చినది, 1999లో దాని గడువు 50 సంవత్సరములైనది, 2012లో తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకొను హక్కును, దానిని వికృతపఱచినచో అడ్డగించు హక్కును చేరినవి. ఆ వృద్ధునకు ఇవి తెలియవు. శిక్షణార్థికి తెలియవలెను. ఆ కాగితమును తెలుగులో, ఒగ్గువారికి తెలియు తెలుగులో, వాక్యము వాక్యముగ చదివి వినిపించి, ఆయన కాదన్నచో కాదన్నట్లు నిర్మాతకు చెప్పగలవాడే ఆ పని నేర్చినవాడు. ఇది చేసినందుకు నిర్మాత కోపగించుకొనవచ్చును. పటేలు షాటు కెమెరాతోనే కాదు, కాగితముతోను తీయవచ్చును.

చేతిలోని ఫోనుతోనే ఊరూర చిత్రములు తీయుచుండగ ఇంత శిక్షణ ఏల యని యువకులు అడుగుచున్నారు. ప్రశ్న సమంజసమే. తాటాకు చవుకయైనంత మాత్రమున అందఱును వ్యాఖ్యలు వ్రాయలేదు. అయితే చవుక వలన ఒక మేలు కలిగినది: నిర్మాత తలుపు తట్టి నిలువవలసిన అవసరము తగ్గినది. ఆ మేలును వాడుకొనవలెను.

ఈ ప్రాంతమువారికి వాడుకొనిన అనుభవము కలదు. 1930లో నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జోగిపేటలో జరిగినది; అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు. తెలంగాణమున కవులు లేరను మాట చెవినబడినప్పుడు ఆయన వాదమునకు దిగలేదు. ఊరూర నుండి పద్యములను, కవుల వివరములను రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అంతకు ఏడువందల సంవత్సరముల ముందు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, శివరాత్రికి శ్రీశైలమున జనులు ఆడిన ఆటలను, పాడిన పాటలను పేరుపేరున చెప్పెను. ఆ పేర్లలో కొన్నింటి ఆట ఎట్టిదో నిశ్చయముగ చెప్పగలవారు నేడు అరుదు. పేరు మిగిలినది, ఆట పోయినది. సోమనాథుని యొద్ద గంటము తప్ప మఱియొకటి లేదు. నేటివారి యొద్ద అది సాకుగ చెల్లదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము చేయదగిన పని యొకటి ఇందు కలదు. దానికి నిధులు అక్కఱలేదు. ఒక గట్టి అట్ట పుస్తకము చాలును. చుట్టుపట్టు పల్లెలలోని ఒగ్గువారు, చిందువారు, బైండ్లవారు, యక్షగానము ఆడువారు, బతుకమ్మ పాటలు వందలకొలది తెలిసిన వృద్ధస్త్రీలు, వీరందఱి పేర్లను అందు ఎక్కింపవలెను. డిగ్రీ చదువుచున్న పిల్లలకు సెలవులలో ఆ పని అప్పగింపవచ్చును. రేపు ఏ నిర్మాతవద్దకు పోయినను చేతబట్టుకొని పోవుటకు అంతకన్న మంచి యోగ్యతాపత్రము వారికి ఉండదు. మొదటి గడిలో పేరు, రెండవ గడిలో ఊరు, పిదప కళ, వాద్యము, ఎవరివద్ద నేర్చెను, ఎవరికి నేర్పుచున్నాడు, చిత్రించినది ఏ దినమున, ఎవరు, ఆ చిత్రము ఎచ్చట భద్రపఱచబడినది. ఇంకొక గడి కూడ గీయవలెను: ఆ చిత్రమును ఆ కళాకారుని ఇంటికి కొనిపోయి ఆయనకు చూపినది ఏ దినమున. ఆ గడి నిండువఱకు పుస్తకములో ఆ పేరు ఎదుట సంతకము చేయరాదు.